ఇదే ఫలితం మరో దారిలో వచ్చి ఉండదా?

2025 ఫిబ్రవరిలో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రపంచమంతటా పతాక శీర్షికలకెక్కింది. అమెరికాలోని న్యూమెక్సికో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మరణానంతరం సేకరించిన మెదడు నమూనాలను పరీక్షించి, వాటిలో సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు పేరుకుపోయాయని ప్రకటించారు. కాలేయంలో, మూత్రపిండాలలో కంటే మెదడులోనే అవి ఎక్కువగా ఉన్నాయన్నారు. 2016 నాటి నమూనాలతో పోలిస్తే 2024 నాటి నమూనాలలో వాటి మోతాదు దాదాపు సగం మేర పెరిగిందన్నారు. మతిమరుపు ముదిరే జబ్బయిన డిమెన్షియా ఉన్న 12 మంది మెదళ్లలో మరీ ఎక్కువగా కనిపించిందన్నారు. మన తలలో ఒక చెంచాడు ప్లాస్టిక్ ఉందన్న మాట కొద్ది రోజుల్లోనే లోకమంతా పాకిపోయింది.

ఆ వార్త చదివి ఉలిక్కిపడినవారిని తప్పు పట్టలేం. అయితే రసాయన విశ్లేషణలో ఆరితేరినవారు అదే పత్రాన్ని చదివినప్పుడు వారి చూపు ఆగిన చోటు వేరు. చెంచాడు అన్న అంకె దగ్గర కాక, ఆ అంకెను రాబట్టిన యంత్రం దగ్గర వారు ఆగారు. మెదడు ముక్కను క్షార ద్రావణంలో కరిగిస్తారు. కరగకుండా మిగిలిన పదార్థాన్ని వేగంగా తిప్పి వేరు చేస్తారు. దాన్ని గాలి తగలకుండా అత్యధిక వేడికి గురిచేస్తే అణువులు ముక్కలవుతాయి. ఆ ముక్కల జాడను బట్టి ఏ ప్లాస్టిక్ ఎంత ఉందో లెక్కగడతారు. పద్ధతి కొత్తదేమీ కాదు, పరిశోధకులూ అజాగ్రత్తపరులు కారు. చిక్కంతా మెదడు స్వభావంలోనే ఉంది. పాలిథీన్ అణువు ఒక పొడవైన కార్బన్ గొలుసు. కొవ్వులోనూ పొడవైన కార్బన్ గొలుసులే ఉంటాయి. రెండింటినీ వేడితో విరగ్గొడితే వచ్చే ముక్కల్లో కొన్ని అచ్చం ఒకేలా ఉంటాయి. నీటిని తీసేస్తే మెదడు బరువులో సగానికి పైగా కొవ్వే. ఆ పరిశోధనలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన ప్లాస్టిక్ కూడా పాలిథీనే. అంటే కరగకుండా మిగిలిపోయిన కాస్త కొవ్వు ప్లాస్టిక్ వేషంలో లెక్కలోకి చొరబడి ఉండవచ్చు. కాలేయం కంటే మెదడులో ఎక్కువ కనిపించడానికి కూడా ఇదే కారణం కావచ్చు.

డిమెన్షియా సంగతికి వస్తే, ప్లాస్టిక్ వల్లే జబ్బు వచ్చిందని ఆ పత్రం రాసినవారే అనలేదు. జబ్బుతో మెదడు కృశిస్తుంది. రక్తానికీ మెదడుకూ మధ్య కాపలా కాసే పొర దెబ్బతింటుంది. వ్యర్థాలను బయటకు పంపే ఏర్పాటు మందగిస్తుంది. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఈ నమూనాలను చూసి చెప్పలేం. పత్రంలో ఉన్న ఈ జాగ్రత్త శీర్షికల దాకా వచ్చేసరికి రాలిపోయింది.

నిపుణుడు కొత్త పరిశోధనను ఎలా తూకం వేస్తాడన్నది ఇక్కడే తెలుస్తుంది. ఇది నిజమా అబద్ధమా అని తీర్పు చెప్పడం అతని మొదటి పని కాదు. పరిశోధకులు చెబుతున్న కారణం నిజం కాకపోయినా ఇదే ఫలితం మరేదైనా దారిలో వచ్చి ఉండేదా అని అడగడం అతని మొదటి పని. ఆ దారులను ఒక్కొక్కటిగా పేర్కొని, ఏది మూసుకుందో, ఏది ఇంకా తెరిచి ఉందో చెప్పగలిగితే అది మూల్యాంకనం. ఆసక్తికరమైన అధ్యయనమే కానీ మరిన్ని పరిశోధనలు అవసరం అంటే అది మర్యాద మాట మాత్రమే. పాఠకుడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పుట్టిన తేదీ చేసిన ప్రయోగం

మన భాషలో కాకతాళీయం అన్న మాట ఉంది. కాకి వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. కాకి వల్లే పండు రాలిందనుకోవడం మనిషికి సహజం. ప్రజారోగ్య పరిశోధనలో సగం శ్రమ కాకిని, తాటిపండును విడదీయడానికే పోతుంది.

హార్మోన్ చికిత్స కథ దీనికి గట్టి ఉదాహరణ. ముట్లుడిగిన తర్వాత హార్మోన్లు వాడే స్త్రీలలో గుండెజబ్బులు తక్కువగా ఉన్నాయని పెద్ద పెద్ద పరిశీలన అధ్యయనాలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాయి. ఆ నమ్మకంతోనే లక్షలాది మందికి వాటిని రాసిచ్చారు. ఆ తర్వాత అమెరికాలో 16,608 మంది స్త్రీలను లాటరీ తీసినట్టు రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపుకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మందు, మరొక గుంపుకు మందులేని మాత్ర ఇచ్చి చూశారు. 2002లో ఆ పరీక్షను మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. గుండెజబ్బు తగ్గకపోగా కొంత పెరిగింది. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం కూడా పెరిగాయి. వయసును బట్టి, చికిత్స మొదలుపెట్టిన సమయాన్ని బట్టి ఈ ముప్పు మారుతుందని తర్వాతి విశ్లేషణలు చెప్పాయి. ఆ చర్చ ఎలా ఉన్నా, పాత అధ్యయనాలు ఎక్కడ దారి తప్పాయన్నది తేలిపోయింది. తమంత తాముగా హార్మోన్లు వాడినవారు సగటున ఎక్కువ చదువుకున్నవారు, డబ్బున్నవారు, వైద్యుడి దగ్గరకు క్రమం తప్పకుండా వెళ్లేవారు. వారి గుండెను కాపాడిన వాటిలో ఇవన్నీ ఉన్నాయి. ఖ్యాతి మాత్రం మందుకు దక్కింది.

ఆ పాఠం నేర్చుకున్నవారి దగ్గర, ఫలానా టీకా వేయించుకున్నవారికి డిమెన్షియా తక్కువగా వస్తోంది అంటే వెంటనే కనుబొమలు ముడిపడతాయి. టీకా కోసం బయలుదేరి వెళ్లగలిగిన వృద్ధుడు మొదటి నుంచీ ఆరోగ్యవంతుడే కావచ్చు. మతి తప్పడం మొదలైనవారు టీకా జోలికే పోకపోవచ్చు. అందుకే 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో వెలువడిన వేల్స్ అధ్యయనం ఇలాంటి అనేక అధ్యయనాల కంటే ఎంతో ఎత్తున నిలిచింది.

షింగిల్స్ అని పిలిచే సర్పి వ్యాధికి టీకా ఇచ్చే కార్యక్రమం వేల్స్‌లో 2013 సెప్టెంబరు 1న మొదలైంది. 1933 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు అర్హులు. అంతకు ఒక్కరోజు ముందు పుట్టినా జీవితాంతం అనర్హులే. తేదీకి ఒక వారం ఇటు పుట్టినవారికీ, ఒక వారం అటు పుట్టినవారికీ చదువులో, సంపదలో, ఆహారంలో, జబ్బుల్లో తేడా ఉండటానికి కారణమేదీ లేదు. తేడా ఒక్క అర్హతలోనే ఉంది. గీతకు అటు ఉన్నవారిలో టీకా తీసుకున్నవారు 0.01 శాతం. ఇటు ఉన్నవారిలో 47.2 శాతం. ఏ శాస్త్రవేత్తా లాటరీ వేయలేదు. ఒక ప్రభుత్వ నిబంధన తనకు తెలియకుండానే ఆ పని చేసిపెట్టింది. ఏడేళ్ల తర్వాత, అర్హులకూ అనర్హులకూ మధ్య వచ్చిన తేడా నుంచి లెక్కగడితే, టీకా తీసుకున్నవారిలో కొత్తగా డిమెన్షియా నిర్ధారణ అయినవారి నిష్పత్తి 3.5 శాతం పాయింట్లు తగ్గింది. సాపేక్షంగా చెప్పాలంటే ఇది దాదాపు అయిదో వంతు తగ్గుదల.

ఇప్పుడు ఆ పాత ప్రశ్నను ఇక్కడ వేయాలి. ఇదే ఫలితం మరో దారిలో వచ్చేదా? ఆరోగ్యవంతులే టీకాకు ముందుకొచ్చారన్న దారి దాదాపు మూసుకుపోయింది. ఎందుకంటే పోలిక టీకా వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ మధ్య కాదు, అర్హులకూ అనర్హులకూ మధ్య. అదే పుట్టినతేదీని గీతగా పెట్టుకున్న మరో ఆరోగ్య పథకమేదైనా ఉంటే ఫలితం దానిదై ఉండవచ్చు. పరిశోధకులు వెతికారు, అలాంటిది కనబడలేదు. టీకాతో సంబంధం లేని ఇతర జబ్బుల్లో తేడా వచ్చిందా అని చూశారు, రాలేదు. ఆస్ట్రేలియాలో ఇలాంటి అర్హత తేదీనే ఆధారం చేసుకుని జరిపిన మరో విశ్లేషణలోనూ తగ్గుదల కనిపించింది.

అయినా కొన్ని తలుపులు పూర్తిగా మూసుకోలేదు. రక్షణ ప్రధానంగా స్త్రీలలోనే కనిపించింది. దానికి కారణం ఇంకా తెలియదు. డిమెన్షియా ఉన్నదీ లేనిదీ వైద్య రికార్డులను బట్టి తేల్చారు. నిర్ధారణే జరగని కేసులు ఎప్పుడూ ఉంటాయి. అధ్యయనం చెబుతున్నది 80 ఏళ్ల దగ్గర ఉన్నవారి గురించి, అరవై ఏళ్లవారికి ఇది వర్తిస్తుందో లేదో ఈ సమాచారం చెప్పదు. అప్పుడు వాడినది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. ఇప్పుడు చాలా దేశాలు వేరే తయారీకి మారాయి. నాడీకణాల్లో నిద్రాణంగా ఉన్న వైరస్ మళ్లీ లేవకుండా అడ్డుకోవడం వల్ల ఈ మేలు జరిగిందా, లేక రోగనిరోధక వ్యవస్థను టీకా మరో విధంగా మేల్కొల్పడం వల్లనా అన్నది ఇంకా తేలలేదు. ఇన్ని మినహాయింపుల తర్వాత కూడా ఇది ఇటీవలి కాలంలో వచ్చిన అత్యంత బలమైన పరిశీలన ఆధారాల్లో ఒకటని చెప్పడానికి సందేహించనక్కరలేదు. మూల్యాంకనమంటే తప్పులు వెతకడమే అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. గట్టిదాన్ని గట్టిదని చెప్పగలగడం కూడా అదే నైపుణ్యం.

కొన్నిసార్లు ఆ మాట చాలా త్వరగా చెప్పాల్సి వస్తుంది. 2020 జూన్ 16న బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ అనే కోవిడ్ చికిత్సల పరీక్ష నిర్వాహకులు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఫలితాన్ని పత్రం ఇంకా ప్రచురితం కాకముందే ప్రకటించారు. వెంటిలేటర్‌పై ఉన్న కోవిడ్ రోగుల్లో మరణాలు మూడో వంతు తగ్గాయన్నారు. ఆక్సిజన్ మాత్రమే తీసుకుంటున్నవారిలో అయిదో వంతు తగ్గాయన్నారు. ఆక్సిజన్ అవసరం లేనివారికి ప్రయోజనం కనిపించలేదు. రోగులను యాదృచ్ఛికంగా విభజించారు, వారి సంఖ్య వేలల్లో ఉంది, కొలిచింది మరణాన్ని. ఎవరు బతికారు, ఎవరు మరణించారన్న లెక్కలో అభిప్రాయానికి చోటు లేదు. మరో దారి అంటూ చూపడానికి పెద్దగా ఏమీ మిగలలేదు. వైద్యులు వెంటనే వాడటం మొదలుపెట్టారు. అది సరైన నిర్ణయమని తర్వాత వచ్చిన పూర్తి సమాచారం చూపింది.

చిన్న గుంపులు, పెద్ద మాటలు

నాడీశాస్త్రానికి తనదైన బలహీనత ఒకటుంది. మెదడు స్కానింగ్ ఖరీదైన పని కాబట్టి ఇరవై, ముప్పై మందితో చేసిన అధ్యయనాలు లెక్కకు మించి వచ్చాయి. 2013లో బ్రిటన్ పరిశోధకులు నాడీశాస్త్ర అధ్యయనాల గణాంక బలాన్ని లెక్కించారు. దాని మధ్యస్థ విలువ 21 శాతం అని తేలింది. నిజంగా ఉన్న ప్రభావాన్ని అలాంటి అధ్యయనం పట్టుకోగలిగే అవకాశం అయిదింట ఒకటి మాత్రమేనన్నమాట.

చిన్న అధ్యయనం ఉన్నదాన్ని చూడలేకపోతుంది, అంతేకదా అని చాలామంది సర్దుకుంటారు. అసలు ప్రమాదం అక్కడితో ఆగదు. కొద్దిమందిని కొలిచినప్పుడు ఫలితం అటూ ఇటూ బాగా ఊగుతుంది. నిజమైన ప్రభావం చిన్నదే అయితే, ఆ ఊపులో అదృష్టవశాత్తు బాగా పైకెగిరిన ఫలితాలకు మాత్రమే ఫలితం కేవలం యాదృచ్ఛికం కాదనుకోవడానికి పెట్టుకున్న గణాంక ప్రాముఖ్యత అనే గీత దాటే వీలుంటుంది. గీత దాటినవే పత్రికలకు వెళతాయి. దాటనివి సొరుగుల్లో ఉండిపోతాయి. అందువల్ల చిన్న అధ్యయనం నుంచి ప్రచురితమైన ఫలితం నిజమే అయినా, దాని పరిమాణం దాదాపు ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది. పెద్ద ప్రభావం కనబడింది కాబట్టి చిన్న గుంపు సరిపోయింది అనే వాదన తరచూ వినిపిస్తుంది. అది తలకిందులైన తర్కం.

మెదడు నిర్మాణానికీ మనిషి తెలివితేటలకో, మానసిక లక్షణాలకో మధ్య సంబంధం వెతికే అధ్యయనాల గురించి 2022లో నేచర్ ప్రచురించిన విశ్లేషణ మరింత నిక్కచ్చిగా మాట్లాడింది. దాదాపు 50,000 మంది స్కాన్‌లను పరిశీలించి, అలాంటి సంబంధాలను నమ్మదగినట్టు తేల్చాలంటే వేలమంది కావాలని చెప్పింది. అయితే దీన్ని కూడా గుడ్డిగా అన్నిటికీ వర్తింపజేయకూడదు. ఒకే మనిషిని వందలసార్లు కొలిచే ప్రయోగాలకు, దృష్టి ఎలా పనిచేస్తుందో చూసే ప్రయోగాలకు వేలమంది అక్కరలేదు. ఎంతమందిని చూశారన్న ప్రశ్నకు జవాబు, ఏం వెతుకుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇక విశ్లేషణలో ఉండే స్వేచ్ఛ మరో చిక్కు. 2009లో ఒక బృందం చనిపోయిన సాల్మన్ చేపను ఎమ్మారై యంత్రంలో పెట్టి, మనుషుల ఫోటోలు చూపించి, వారి భావోద్వేగాలేమిటో చెప్పమని అడిగింది. వేలాది బిందువులను ఒకేసారి పరీక్షించినప్పుడు చేయాల్సిన దిద్దుబాటు చేయకుండా లెక్కవేస్తే చేప మెదడులో చురుకుదనం కనిపించింది. దిద్దుబాటు చేయగానే మాయమైంది. నాటి మెదడు స్కానింగ్ పత్రాల్లో ఆ దిద్దుబాటు చేయనివి గణనీయంగా ఉండేవి. చేప నవ్వు తెప్పించినా అది చెప్పిన విషయం గంభీరమైనది. పదేళ్ల తర్వాత అంతకంటే కలవరపరిచే సంగతి బయటపడింది. 108 మంది స్కాన్‌లున్న ఒకే సమాచారాన్ని 70 బృందాలకు ఇచ్చి, ఒకే తొమ్మిది ప్రశ్నలు అడిగారు. ఏ రెండు బృందాలూ ఒకే విశ్లేషణ దారిలో నడవలేదు. పలు ప్రశ్నలకు జవాబులు బృందాన్ని బట్టి మారిపోయాయి. 2020లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో ఎవరి మోసమూ లేదు. ప్రతి అడుగులో ఒక సమంజసమైన ఎంపిక ఉంది. అలాంటి ఎంపికలు డజన్లకొద్దీ కలిసి ముగింపునే మార్చేశాయి.

ఏం కొలుస్తామో, ఎలా విశ్లేషిస్తామో ముందుగానే రాసి బహిరంగంగా నమోదు చేయాలన్న నియమం ఈ స్వేచ్ఛను కట్టడి చేయడానికే వచ్చింది. దాని ప్రభావం ఎంతో చూపే లెక్క ఒకటుంది. అమెరికా జాతీయ గుండె, ఊపిరితిత్తుల, రక్త సంస్థ డబ్బుతో జరిగిన పెద్ద పరీక్షల్లో 2000కు ముందు ప్రచురితమైనవి 30 ఉంటే, వాటిలో 17 చికిత్స వల్ల మేలు జరిగిందన్నాయి. ముందస్తు నమోదు నియమం వచ్చిన తర్వాతి 25లో ఆ మాట అన్నవి రెండే. మందులు హఠాత్తుగా పనిచేయడం మానేశాయనడం కంటే, నచ్చిన ఫలితాన్ని తర్వాత ఎంచుకునే వీలు తగ్గిపోయిందనడమే నమ్మశక్యంగా ఉంటుంది.

గాజు పలక మీది సందేహం

వయోజనుల మెదడులో కొత్త న్యూరాన్లు, అంటే నాడీకణాలు, పుడతాయా? 2018 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం నేచర్‌లో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లో బాల్యం తర్వాత అలాంటి పుట్టుక జాడ కనబడలేదని రాసింది. నెల తిరిగేసరికి కొలంబియా విశ్వవిద్యాలయ బృందం మరో పత్రికలో, ముసలితనంలో కూడా కొత్త న్యూరాన్లు పుడుతూనే ఉన్నాయని రాసింది. రెండూ పేరున్న బృందాలే, రెండూ పేరున్న పత్రికలే.

బయటివారికి ఇది శాస్త్రం తనలో తాను కొట్టుకోవడంలా కనిపిస్తుంది. రంగంలో ఉన్నవారు మాత్రం చప్పున ఒక చిన్న విషయం దగ్గరకు వెళ్లారు. మరణించాక ఎన్ని గంటలకు మెదడును రసాయనంలో భద్రపరిచారు? అందులో ఎంతసేపు ఉంచారు? పసి న్యూరాన్లను గుర్తించడానికి వాడే డబుల్‌కార్టిన్ అనే ప్రొటీన్ మరణం తర్వాత నిలకడగా ఉండదు. ఆలస్యమైతే కణం ఉన్నా దాని గుర్తు చెరిగిపోవచ్చు. కాబట్టి కనబడలేదు అన్నదానికి రెండు దారులున్నాయి. లేకపోవడం ఒకటి, చెరిగిపోవడం రెండోది. 2019లో స్పెయిన్ బృందం ఒకే మెదడు కణజాలాన్ని వేర్వేరు కాలాల పాటు రసాయనంలో ఉంచి, సమయం పెరిగేకొద్దీ ఆ గుర్తు ఎలా సన్నగిల్లుతుందో చూపింది. అవతలివారి అభ్యంతరమూ తీసిపారేయదగ్గది కాదు. డబుల్‌కార్టిన్ కనిపించిన ప్రతి కణమూ కొత్తగా పుట్టిందేనన్న హామీ ఏమిటని వారు అడిగారు. 2025 జులైలో స్వీడన్‌కు చెందిన కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఒక్క గుర్తు మీదే ఆధారపడకుండా, ఒక్కో కణకేంద్రకంలోని జన్యువుల చురుకుదనాన్ని చదివి, విభజన చెందుతున్న మాతృకణాలు వయోజనుల్లోనూ ఉన్నాయని సైన్స్ పత్రికలో చూపించారు. అన్ని మెదళ్లలో కాదు, కొందరిలోనే. వాదం ముగిసిందనలేం కానీ, అది నిలబడ్డ చోటు మారింది.

ఇక్కడ కీలకమైనది ఏ పక్షం గెలిచిందన్నది కాదు. అసమ్మతి ఎక్కడుందో వేలు పెట్టి చూపగలిగారు కాబట్టే తర్వాతి ప్రయోగం సాధ్యమైంది. నిపుణుల మధ్య భేదాభిప్రాయం కనబడగానే ఎవరికీ ఏమీ తెలియదని తేల్చేయడం పెద్ద పొరపాటు. వారు దేని గురించి విభేదిస్తున్నారో అడిగితే, తరచూ అది ఎంతో ఇరుకైన, పరీక్షించదగిన విషయమై ఉంటుంది.

శాతం వెనుక ఉన్న లెక్క

అంకెలు నిజమైనప్పుడు కూడా మాట తప్పుగా పడవచ్చు. అల్జీమర్స్‌కు వచ్చిన లెకానెమాబ్ మందును 1,795 మందిలో 18 నెలలు పరీక్షించారు. జబ్బు ముదరడాన్ని ఆ మందు 27 శాతం నెమ్మదింపజేసిందన్నది వార్త. జబ్బు తీవ్రతను కొలిచిన కొలబద్దకు 0 నుంచి 18 వరకు పాయింట్లున్నాయి. మందు తీసుకున్నవారు దాని మీద సగటున 1.21 పాయింట్లు క్షీణించారు, తీసుకోనివారు 1.66 పాయింట్లు. తేడా 0.45. ఆ 27 శాతమూ ఈ 0.45 పాయింట్లూ ఒకే నిజానికి రెండు ముఖాలు. మొదటిదే చదివిన కుటుంబానికి కలిగే ఆశ, రెండోది కూడా చదివిన కుటుంబానికి కలిగే ఆశ ఒకటి కావు. మందు తీసుకున్నవారిలో 12.6 శాతం మందికి స్కానింగ్‌లో మెదడు వాపు కనిపించింది. చాలామందికి లక్షణాలేవీ లేకపోయినా ఆ అంకె కూడా వారికి తెలియాలి.

ఇంత చిన్న తేడాను రోగి గానీ, తోడున్నవారు గానీ గుర్తించలేరని కొందరు నిపుణులంటారు. జబ్బు ముదిరేకొద్దీ తేడా పెరుగుతుంది కాబట్టి 18 నెలల లెక్కతోనే కొట్టిపారేయవద్దని మరికొందరంటారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. దశాబ్దాల వైఫల్యాల తర్వాత జబ్బు గమనాన్ని కాస్తయినా మార్చడం చిన్న విషయం కాదు. అలాగని దాన్ని మలుపు అని రాయడం, ఆ జబ్బుతో మనిషిని రోజురోజుకూ కోల్పోతున్నవారి పట్ల న్యాయం కాదు.

ప్రజారోగ్యంలో ఇదే చిక్కు మరో రూపంలో వస్తుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ శుద్ధిచేసి నిల్వ ఉంచే మాంసాన్ని పొగాకు ఉన్న జాబితాలోనే చేర్చింది. కారణమన్న రుజువు ఎంత గట్టిదో చెప్పే జాబితా అది. ముప్పు ఎంత పెద్దదో అది చెప్పదు. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు. జీవితకాలంలో నూరుమందిలో అయిదుగురికి ఆ జబ్బు వస్తుందనుకుంటే, ఆ పెరుగుదలతో దాదాపు ఆరుగురికి వస్తుంది. పొగతాగడంతో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. రెండింటికీ రుజువు గట్టిదే అయినా ముప్పులు సమానం కావు.

అతిశయోక్తికి నింద సాధారణంగా పాత్రికేయుల మీద పడుతుంది. 2014లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం బ్రిటన్ విశ్వవిద్యాలయాల పత్రికా ప్రకటనలనే పరిశీలించింది. వాటిలో 40 శాతం, పత్రంలో ఉన్నదానికి మించిన సలహాలిచ్చాయి. 33 శాతం సహసంబంధాన్ని కార్యకారణంగా మార్చాయి. జంతువులపై ప్రయోగాల గురించిన ప్రకటనల్లో 36 శాతం, ఆ ఫలితాన్ని మనుషులకు ఉన్నదానికి మించి అన్వయించాయి. అంటే తొలి ఉబ్బు పరిశోధన జరిగిన ప్రాంగణంలోనే మొదలవుతోంది.

తోటివారి సమీక్ష ఏం చూస్తుంది, ఏం చూడదు

తోటి శాస్త్రవేత్తలు సమీక్షించారు అనే మాటను ముద్రలా వాడుతుంటారు. ఇద్దరు ముగ్గురు సమీక్షకులు తమ పనులు చేసుకుంటూ, సాధారణంగా వేతనం లేకుండా, కొన్ని గంటలు కేటాయించి రాతప్రతి చదువుతారు. తర్కంలో లోపాలు, లేని పోలికలు, మితిమీరిన ముగింపులు వారి కంటికి చిక్కుతాయి. ముడి సమాచారాన్ని మొదటి నుంచి మళ్లీ లెక్కగట్టడం అరుదు. సమాచారం అసలు ఉందా అని అనుమానించడం ఇంకా అరుదు.

2020 మే 22న ద లాన్సెట్‌లో వచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడిన కోవిడ్ రోగుల్లో మరణాలు ఎక్కువన్న పత్రం ఈ కంతలోంచే జారిపోయింది. 671 ఆసుపత్రుల్లోని 96,000 మంది కోవిడ్ రోగుల రికార్డులు ఆధారమన్నారు. మూడు రోజుల్లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షలో ఆ మందు విభాగాన్ని తాత్కాలికంగా ఆపేసింది. ఇంతలో ఆస్ట్రేలియా అంకెలు కొందరి కంటపడ్డాయి. ఏప్రిల్ 21 నాటికి పరిశోధనలో చేర్చిన ఆసుపత్రుల్లో 73 మంది మరణించారని పత్రంలో ఉంది. అదే తేదీకి ఆ దేశం మొత్తం మీద అధికారికంగా నమోదైన మరణాలు 67 మాత్రమే. సమాచారం అందించిన సంస్థ ముడి రికార్డులను స్వతంత్ర పరిశీలనకు ఇవ్వలేకపోయింది. జూన్ 4న పత్రాన్ని ఉపసంహరించారు. పదమూడు రోజుల్లో ఇంత జరిగింది. దాన్ని పట్టుకోవడానికి సంక్లిష్టమైన గణాంకాలు అక్కరలేకపోయాయి. ఆ దేశపు కోవిడ్ లెక్కలు రోజూ చూస్తున్నవారి కన్ను సరిపోయింది.

మరో కేసులో పదమూడు రోజులు కాదు, పద్దెనిమిదేళ్లు పట్టింది. అల్జీమర్స్‌లో జ్ఞాపకశక్తి నష్టానికి మెదడులో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రొటీన్ ప్రత్యేక రూపం ఒకటి కారణమని చెప్పిన 2006 నాటి నేచర్ పత్రాన్ని రెండు వేలకు పైగా పత్రాలు ఉదహరించాయి. అందులోని ప్రొటీన్ చిత్రాల్లో కొన్ని మార్చినట్టు కనిపిస్తున్నాయని 2022లో బయటపడింది. 2024లో పత్రాన్ని ఉపసంహరించారు. ఆ వార్త వెలువడగానే అమైలాయిడే జబ్బుకు మూలమన్న సిద్ధాంతమంతా కట్టుకథ అన్న వ్యాఖ్యలు వెల్లువెత్తాయి. ఇక్కడ కూడా కొలత తెలిసినవారి అవసరం ఉంది. ఆ సిద్ధాంతానికి మూలమైన ఆధారాలు జన్యుశాస్త్రం నుంచి వచ్చాయి. వంశపారంపర్యంగా చిన్న వయసులోనే జబ్బు వచ్చే కుటుంబాల్లోని జన్యుమార్పులు అమైలాయిడ్ తయారీకి సంబంధించినవే. కూలిపోయింది ఒక ప్రత్యేక ప్రొటీన్ రూపం గురించిన వాదన. ఏ ఇటుక తీస్తే ఏ గోడ పడుతుందో తెలియకుండా మొత్తం ఇల్లు కూలిందనడం కూడా అతిశయోక్తే.

నిపుణుడి మాటను కూడా ఇదే తూకంలో వేయాలి. అతను మాట్లాడుతున్నది తన రంగం గురించేనా? గొప్ప నాడీశాస్త్రవేత్త అంటురోగాల గణాంకాల విషయంలో సామాన్య పాఠకుడే కావచ్చు. మెదడులో ప్లాస్టిక్ గురించి చెప్పాల్సినవారు మెదడు వైద్యుల కంటే ముందు కొలత రసాయనం తెలిసినవారు. అతను మాట్లాడుతున్న మందును తయారుచేసే సంస్థ నుంచి అతనికి సొమ్ము అందుతోందా, లేక పోటీ సిద్ధాంతం మీద అతని జీవితకాలపు కృషి ఆధారపడి ఉందా? రెండోదాన్ని ఏ ప్రకటన పత్రంలోనూ రాయరు, కానీ అది డబ్బు కంటే తక్కువ బరువైనదేమీ కాదు. బ్రిటన్‌లో 2002లో ఏర్పడిన సైన్స్ మీడియా సెంటర్ వంటి సంస్థలు కొత్త పత్రం వెలువడే నాటికే పలువురు నిపుణుల వ్యాఖ్యలను, వారి ప్రయోజన సంబంధాలతో సహా పాత్రికేయులకు అందిస్తున్నాయి. ఇది మంచి ఏర్పాటు. కొద్ది గంటల్లో చదివి చెప్పిన మాటకు, వారాల తరబడి సమాచారాన్ని తవ్వి చెప్పిన మాటకు ఉన్న తేడా మాత్రం మిగిలే ఉంటుంది.

మెదడులోని ప్లాస్టిక్ దగ్గర తెరిచి ఉన్న దారులను మూసే ప్రయోగాలు ఏవో ఆ రంగంలోనివారికి తెలుసు. ఒకే మెదడు నమూనాను భాగాలు చేసి, అది ఎవరిదో చెప్పకుండా వేర్వేరు ప్రయోగశాలలకు పంపాలి. కొన్ని భాగాల్లో తెలిసిన మోతాదులో ప్లాస్టిక్ కలిపి, అంతే మోతాదు తిరిగి వస్తోందో లేదో చూడాలి. ప్లాస్టిక్ లేదని ముందే తెలిసిన కొవ్వును అదే యంత్రంలో కాల్చి, యంత్రం ఎంత పాలిథీన్ ఉందని చెబుతుందో రాసుకోవాలి. చేతి తొడుగులు, సీసాలు, శవపరీక్ష బల్ల నుంచి ఎంత చేరుతోందో కొలవడానికి ఖాళీ నమూనాలను ప్రతి దశలోనూ వెంట నడపాలి. వేడితో కాల్చే పద్ధతి చెప్పిన అంకెను, కాంతితో గుర్తించే పద్ధతి చెప్పిన అంకెతో సరిపోల్చాలి. ఆ అంకెలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చేదాకా చెంచాడు అన్న కొలతను ఎవరూ వాడకపోవడమే మంచిది. రేణువులు మెదడును చేరుతున్నాయా, చేరితే ఏం చేస్తున్నాయి అన్న ప్రశ్న మాత్రం అప్పటికీ తెరిచే ఉంటుంది.